కుర్ర గుర్రంతో వారాంతపు రోడ్డు ప్రయాణం

రెండేళ్లు దాటి ఐదేళ్లు నిండని గుర్రాన్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరతారు. కొన్ని గంటల దూరంలోని పోటీ మైదానానికో, శిక్షణ శిబిరానికో, అడవి బాటకో తీసుకెళ్లి, ఒకటి రెండు రాత్రులు అక్కడ ఉంచి, ఆదివారం సాయంత్రానికి ఇంటికి చేరుస్తారు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాల్లో గుర్రాలు పెంచుకునేవాళ్లకు ఇది మామూలు వ్యవహారం. అక్కడ చాలామందికి గుర్రం బతుకుతెరువు కాదు, ఇష్టంతో సాకే జంతువు. ఉద్యోగస్తులకు తీరిక దొరికేది ఆ రెండు రోజులే కాబట్టి పోటీలూ శిబిరాలూ వారాంతాల్లోనే పెడతారు.

అనుభవమున్న గుర్రం ఈ ప్రయాణాన్ని పెద్దగా పట్టించుకోదు. కుర్ర గుర్రం సంగతి వేరు. పుట్టి పెరిగిన పచ్చిక, కలిసి తిరిగిన మంద, రోజూ తాగే నీళ్లు, అలవాటైన చీకటి, అన్నీ ఒక్కపూటలో దూరమవుతాయి. అందుకని దాన్ని మొదటిసారి బయటికి తీసుకెళ్లేవాళ్లు బహుమతి మీద ఆశ పెట్టుకోకూడదు. అది అక్కడ మేత మేసిందా, నీళ్లు తాగిందా, రాత్రి కాసేపు పడుకుందా అన్నవే ఆ ప్రయాణానికి అసలు ఫలితాలు. ఈ మూడూ కుదిరితే మిగతా చదువంతా తరవాతి ప్రయాణాల్లో దానంతట అదే వస్తుంది. కుదరకపోతే గెలిచిన రిబ్బన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

వయసు, శరీరం

గుర్రపుపిల్లను సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసులో తల్లి నుంచి వేరు చేస్తారు. పందెపు జాతి థరోబ్రెడ్ గుర్రాలు రెండేళ్ల వయసులోనే పందేలకు దిగుతాయి. మిగతా జాతులను చాలాచోట్ల మూడేళ్లు వచ్చాకే జీనుకు అలవాటు చేస్తారు. గుర్రం ఎత్తు పెరగడం ఆగిపోయినంత మాత్రాన ఎముకలు ముదిరినట్టు కాదు. ఎముకల చివర ఉండే పెరుగుదల భాగాలు కాలి కింది భాగంలో ముందుగా గట్టిపడతాయి, పైకి వచ్చేకొద్దీ ఆలస్యమవుతుంది. వెన్నుపూసల వంతు అన్నిటికంటే ఆఖరున, ఐదేళ్లు దాటాక వస్తుంది. మూడేళ్ల గుర్రం చూపులకు పెద్దదే అయినా వెన్ను ఇంకా లేతదే.

ఈ కారణంగానే తొలి ప్రయాణాల్లో దానిమీద ఎక్కకుండా తిప్పే పద్ధతి మంచిది. పెద్ద గుర్రం మీద రౌతు కూర్చుని, కుర్రదాన్ని తాడుతో పక్కన నడిపిస్తూ అడవి బాటంతా చూపిస్తాడు. పోటీ మైదానాల్లో కూడా పేరు నమోదు చేయకుండా ఊరికే తీసుకెళ్లి, మైకుల చప్పుడూ జెండాల రెపరెపలూ వందలాది కొత్త గుర్రాల వాసనా అలవాటు చేయించేవాళ్లున్నారు. అనుభవజ్ఞులైన శిక్షకులు దీన్ని వృథా ఖర్చుగా చూడరు.

పైగా ట్రైలర్‌లో నిలబడటమే ఒక కసరత్తు. బండి తిరిగిన ప్రతిసారీ, వేగం తగ్గిన ప్రతిసారీ గుర్రం నాలుగు కాళ్లూ సర్దుకుని బరువు మార్చుకోవాలి. ప్రయాణంలో గుర్రం ఖర్చుచేసే శక్తి నెమ్మదిగా నడిచేటప్పుడు ఖర్చయ్యే శక్తికి దగ్గరగా ఉంటుందని కొలిచి చూపారు. నాలుగు గంటల దూరం వచ్చిన గుర్రాన్ని దించీ దించగానే జీను వేసి మైదానంలోకి తోలేవాళ్లు ఈ సంగతి గమనించరు. అది అప్పటికే నాలుగు గంటలు పనిచేసి ఉంది.

పూర్వ చరిత్ర

గుర్రం మనుషులను మోసుకెళ్లిన చరిత్ర వేల ఏళ్లది, గుర్రాన్ని బండిమీద మోసుకెళ్లిన చరిత్ర చాలా కొత్తది. సముద్రం మీద మాత్రం గుర్రాల రవాణా పాతకాలం నుంచీ ఉంది. 1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ గణపతిదేవుడు, తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాల వంటి సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను అలా చేయకుండా నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాననీ అభయం ఇచ్చాడు. ఒడ్డుకు చేరిన ఆ గుర్రాలు రాజధానులకు తమ కాళ్లమీదే నడిచి వెళ్లాయి.

రోడ్డు మీద గుర్రాన్ని ఎక్కించి తీసుకెళ్లడంలో ప్రసిద్ధమైన తొలి ఘట్టం 1836లో ఇంగ్లండులో జరిగింది. డాంకాస్టర్‌లో జరిగే సెయింట్ లెజర్ పందానికి లార్డ్ జార్జ్ బెంటింక్ తన ఎలిస్ అనే గుర్రాన్ని పంపాలనుకున్నాడు. ఆ రోజుల్లో పందెపు గుర్రాలు పందెం జరిగే ఊరికి రోజుల తరబడి నడిచి వెళ్లేవి. ఎలిస్ ఇంకా దక్షిణాన గుడ్‌వుడ్‌లోనే ఉందని తెలిసి, అది సమయానికి రాలేదని బుకీలు తీర్మానించుకుని దానిమీద పెద్ద ఆడ్స్ ఇచ్చారు. బెంటింక్ ప్రత్యేకంగా ఒక పెట్టెబండి చేయించి, దానికి ఆరు గుర్రాలను కట్టించి, లోపల ఎలిస్‌నూ తోడుగా మరో గుర్రాన్నీ నిలబెట్టి పంపించాడు. ఎలిస్ అలసట లేకుండా చేరి పందెం గెలిచింది. ఆ బండిలో రెండో గుర్రం ఉండటం గమనించదగ్గ విషయం. తోడు విలువ గుర్రాలను చూసుకునే ఆనాటి సాయీసులకూ తెలుసు.

తరవాత రైళ్లు వచ్చాయి. 1930ల్లో అమెరికా అంతా అభిమానించిన పందెపు గుర్రం సీబిస్కట్ వేల మైళ్లు రైలు పెట్టెలోనే తిరిగింది. చిరాకు ఎక్కువైన ఆ గుర్రానికి పంప్కిన్ అనే నెమ్మదైన పాత గుర్రాన్ని జత చేశాక అది కుదుటపడింది. రెండూ ఒకే పెట్టెలో ప్రయాణించేవి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత కార్లూ పికప్ ట్రక్కులూ ఇంటింటికీ చేరడంతో వెనక తగిలించుకునే ట్రైలర్ సామాన్యుడి సొత్తయింది. వారాంతపు ప్రయాణమనే అలవాటు అక్కడినుంచే మొదలైంది.

గుర్రం కంటికి ట్రైలర్

గుర్రం బయలు ప్రదేశంలో పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంవల్ల దాదాపు చుట్టూరా చూస్తుంది; ముక్కు ముందు కొద్ది మేర, తోక వెనక కొద్ది మేర మాత్రం కనబడదు. మసక వెలుగులో మనకంటే బాగా చూడగలిగినా, వెలుతురు నుంచి చీకటికి కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి చూస్తే మూతలేసిన ట్రైలర్ లోపలి భాగం దానికి నల్లటి గుహ. అందులో ఏముందో తెలియదు, అడుగుపెడితే నేల బోలుగా మోగుతుంది, వెనక్కి తిరిగే చోటు లేదు. ఎక్కనని మొరాయించే గుర్రాన్ని మొండిదని తిట్టేవాళ్లు ఒకసారి దాని తల ఎత్తున నిలబడి లోపలికి చూడాలి. ముందు తలుపులూ కిటికీలూ తెరిచి, లోపల దీపం వేసి, వెలుతురు ఎదురుగా పడేలా బండి నిలిపితే సగం పోరు తీరిపోతుంది.

ఎటు తిరిగి నిలబడాలన్న దానిమీద వాదన ఇంకా తెగలేదు. గుర్రం బరువులో దాదాపు అరవై శాతం ముందు కాళ్లమీద ఉంటుంది. ముఖం ముందుకు పెట్టి నిలబడితే, బ్రేకు వేసినప్పుడల్లా ఆ ఛాతీ, ఆ తల ముందుకు పడతాయి. 1996లో నటాలీ వారన్, ఆమె సహచరులు బ్రిటన్‌లో జరిపిన అధ్యయనంలో ముఖం వెనక్కి పెట్టి ప్రయాణించిన గుర్రాల గుండె వేగం తక్కువగా ఉండటం గమనించారు. కానీ చాలా ట్రైలర్ల కట్టడం వెనకముఖం ప్రయాణానికి అనుకూలమైనది కాదు. అలా కట్టని ట్రైలర్‌లో గుర్రాన్ని వెనక్కి తిప్పి నిలబెడితే బరువు తప్పు చోట పడి బండే ఊగుతుంది. అమెరికాలో కొంచెం ఏటవాలుగా నిలబెట్టే రకం, బ్రిటన్‌లో ముందుకు చూస్తూ పక్కపక్కన నిలబెట్టే రకం ఎక్కువగా కనబడతాయి.

ఒంటరి ప్రయాణం కుర్ర గుర్రానికి కష్టం. 2009లో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒంటరిగా వెళ్లే గుర్రాలను, పక్కన మరో గుర్రం ఉన్నవాటిని, పక్కన అద్దం పెట్టినవాటిని పోల్చి చూశారు. నిజమైన తోడుకు సాటి లేదుగానీ, అద్దం ఉన్నా ఏమీ లేనిదానికంటే నయమని తేలింది. అద్దం సంగతి అవసరానికి పనికొచ్చే ఉపాయం. తొలిసారి మాత్రం పదిసార్లు తిరిగొచ్చిన నిదానమైన పెద్ద గుర్రాన్ని పక్కన ఎక్కించడమే ఉత్తమం.

ఎక్కడం నేర్పడం

ప్రయాణం బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాల్సిన గుర్రానికి శుక్రవారం పొద్దున ట్రైలర్ ఎక్కడం నేర్పబోతే, తొందర మనిషికి, భయం గుర్రానికి, గాయాలు ఇద్దరికీ. ఈ పాఠం కొన్ని వారాల ముందే, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేని రోజున మొదలుకావాలి.

ట్రైలర్‌ను ముందుగా బండికి తగిలించాలి. తగిలించని ట్రైలర్ వెనక బరువు పడగానే ముందు భాగం పైకి లేస్తుంది. చదునైన, జారని నేలమీద నిలపాలి. గుర్రాన్ని ర్యాంప్ దగ్గరికి తెచ్చి ఆగనివ్వాలి. అది తల దించి వాసన చూస్తుంది, ముక్కుతో చెక్కను తాకుతుంది, ఒక్కోసారి గిట్టతో గీస్తుంది. చూడనివ్వాలి. తాడును ముందుకు కాస్త బిగించి, అది ఒక్క అడుగు వేయబోయిన క్షణంలో తాడు వదులు చేయాలి. గుర్రం నేర్చుకునేది బిగింపు నుంచి కాదు, వదులు నుంచి. అడుగు వేసిన తరవాత ఒక సెకను ఆలస్యంగా వదిలితే దానికి ఏ పనికి మెచ్చుకోలు దొరికిందో అర్థం కాదు.

రెండు ముందు గిట్టలు ర్యాంప్ మీద పడగానే ఆపి, వెనక్కి దించాలి. కొత్తవాళ్లు చేయనిది ఇదే. ఎక్కుతోంది కదా అని ఉత్సాహంగా లోపలికి లాగేస్తారు. దిగడం చేతకాని గుర్రానికి ఎక్కడం నేర్పితే, గమ్యం చేరాక అది కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్క ఊపున వెనక్కి దూకుతుంది. ఒక అడుగు లోపలికి, ఒక అడుగు బయటికి. రెండు లోపలికి, రెండు బయటికి. గుర్రం తానే లోపలికి నడిచి, నిలబడి, చెప్పేదాకా కదలకుండా ఉండే స్థితి వచ్చేవరకు ఇలాగే సాగాలి. లోపల దాణా గిన్నె ఉంచడం మంచిదే. కానీ మేతకు ఆశపడి లోపలికి దూరి, తిన్నాక భయం గుర్తొచ్చి బయటికి ఉరికే గుర్రాలూ ఉన్నాయి కాబట్టి గిన్నె ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. వెనకనుంచి కొరడాతో అదిలించడం, నడుముకు తాడు వేసి ఇద్దరు మనుషులు లాగడం వంటివి ఆ పూటకు గుర్రాన్ని లోపలికి చేరుస్తాయేమో, మళ్లీ వారం దానికి గుర్తుండేది ఆ తాడే.

లోపలికి వచ్చాక ఒక క్రమం ఉంది, దాన్ని ఎన్నడూ తప్పకూడదు. ముందు వెనక అడ్డుకడ్డీ వేయాలి, తరవాతే తల కట్టాలి. దించేటప్పుడు ఇది తిరగబడుతుంది: ముందు తల విప్పాలి, తరవాతే వెనక కడ్డీ తీయాలి. తల కట్టి ఉండగా వెనక తెరుచుకుంటే గుర్రం వెనక్కి వస్తుంది, తాడు ఆపుతుంది, ఆ ఆపడానికి బెదిరి అది తల పైకి విదిలించి పైకప్పుకు గుద్దుకుంటుంది లేదా కాళ్లు జారి ర్యాంప్ కింద ఇరుక్కుంటుంది. ట్రైలర్ గాయాల్లో ఈ ఒక్క పొరపాటు వల్ల వచ్చినవి తక్కువేమీ కావు. కట్టే ముడి ఒక్క లాగుకు విడిపోయేది కావాలి. తలకు తొడిగే హాల్టర్‌లో చెవుల వెనకగా పోయే పైపట్టీ తోలుదైతే గట్టి ఒత్తిడికి తెగిపోతుంది. నైలాన్‌ది తెగదు, మెడ విరిగినా తెగదు.

తరవాత ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా కొద్ది నిమిషాలు అలాగే ఉంచాలి. ఆపైన పది పదిహేను నిమిషాలు ఇంటి చుట్టుపక్కల తిప్పి తీసుకురావాలి. ఇంకోరోజు కాస్త దూరం, మరోరోజు తెలిసినవాళ్ల పాకదాకా వెళ్లి అక్కడ ఒక గంట గడ్డి మేపి వెనక్కి. ట్రైలర్ ఎక్కితే మళ్లీ ఇల్లు చేరతామన్న నమ్మకం దానిలో కుదిరాకే ఇంటికి దూరంగా రాత్రి గడపడం.

బండి

ఖాళీ ట్రైలర్, గుర్రాలు, మేత, నీళ్లు, జీనులు కలిపిన మొత్తం బరువును లాగడమే కాదు, ఆపడం కూడా ఆ బండికి చేతకావాలి. 450 నుంచి 550 కిలోల గుర్రాలు రెండు, కాస్త అటూఇటూగా టన్నున్నర ట్రైలర్ కలిపితే రెండున్నర టన్నులు. బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్లు వేరే పరీక్ష లేకుండానే గరిష్ఠంగా 3,500 కిలోల ట్రైలర్ లాగవచ్చు. చట్టం సరేనన్నంత మాత్రాన చెయ్యి తిరిగినట్టు కాదు. ఖాళీ ట్రైలర్‌తో రివర్స్ చేయడం, మలుపులు తిరగడం సాధన చేయకుండా బతికున్న జంతువును ఎక్కించకూడదు.

రబ్బరు పరుపులు ఎత్తి కింది చెక్కను చాకు మొనతో పొడిచి చూడాలి. ఏళ్ల తరబడి మూత్రం ఇంకి చెక్క లోపల కుళ్లిపోతుంది, పైకి తెలియదు. నడుస్తున్న బండిలో నేల విరిగి గుర్రం కాలు రోడ్డుకు తగిలిన ప్రమాదాలు ఉన్నాయి. టైర్లు అరగకపోయినా వయసు ముదిరితే పగులుతాయి. ఒకే గుర్రం వెళ్తున్నప్పుడు దాన్ని రోడ్డు నడిమి వైపు గదిలో నిలబెడతారు, ఎందుకంటే రోడ్డు అంచు వైపు వాలుగా ఉంటుంది, బరువు కూడా అటే ఉంటే ట్రైలర్ అంచుకు లాగుతుంది. అమెరికాలో అది ఎడమ గది, బ్రిటన్‌లోనూ మనదేశంలోనూ కుడి గది.

కాగితాలు, జబ్బులు

గుర్రంతో పాటు గుర్రపు జబ్బులూ ప్రయాణిస్తాయి. ఈగల ద్వారా వ్యాపించే, మందు లేని రక్తహీనత వ్యాధి ఒకటుంది. దాన్ని పట్టే రక్తపరీక్షను 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెరాయ్ కాగిన్స్ రూపొందించాడు. ఆయన పేరుతోనే అందరూ దాన్ని కాగిన్స్ టెస్ట్ అంటారు. ఆ పరీక్ష నెగెటివ్ వచ్చిన పత్రం లేనిదే అమెరికాలో రాష్ట్రాల సరిహద్దులు దాటడం, పోటీ మైదానంలో అడుగుపెట్టడం కుదరదు. దానికి తోడు పశువైద్యుడు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎక్కువ చోట్ల అది 30 రోజులే చెల్లుతుంది. పశ్చిమ రాష్ట్రాలు కొన్నింటిలో గుర్రంమీది ముద్ర తనిఖీ కాగితం కూడా అడుగుతారు. ఫ్లారిడాలో పశువులున్న ట్రైలర్లన్నీ రోడ్డు పక్క వ్యవసాయ తనిఖీ కేంద్రం దగ్గర ఆగాల్సిందే. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి ప్రతి గుర్రానికీ మైక్రోచిప్ తప్పనిసరి, ప్రయాణంలో దాని పాస్‌పోర్టు వెంట ఉండాలి.

ఈ కట్టుబాట్లన్నీ ఊరికే పుట్టలేదు. 2011 మే నెలలో యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో జరిగిన గుర్రాల పోటీ నుంచి ఇళ్లకు వెళ్లిన గుర్రాలు హెర్పిస్ వైరస్‌ను తమతో తీసుకెళ్లాయి. నరాలను దెబ్బతీసే ఆ జబ్బు పలు పశ్చిమ రాష్ట్రాలకు పాకింది, ఆ సీజనులో ఎన్నో పోటీలు రద్దయ్యాయి. 2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వలెన్షియాలో ఇదే జబ్బు పుట్టి యూరప్ అంతటా పోటీలు ఆపించింది. కుర్ర గుర్రాలకు రోగనిరోధకశక్తి ఇంకా పూర్తిగా కుదురుకోదు. కొత్తచోట అవి ఎదురైన ప్రతి గుర్రం ముక్కుకూ ముక్కు చాపుతాయి. పలకరింపు వాటికి సహజమే, ఆపాల్సింది మనిషే. బకెట్టు, దాణా గిన్నె, దువ్వెన ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరివీ తీసుకోకూడదు. టీకాలు బయల్దేరేముందు రోజు కాకుండా కొన్ని వారాల ముందే వేయించాలి.

దారిలో

నెత్తిన నీళ్ల బిందె పెట్టుకుని నడిచే మనిషి ఎలా నడుస్తుందో అలా తోలాలి. వెనక నిలబడ్డదానికి మలుపు రాబోతోందని తెలియదు. మలుపు మొదలవకముందే వేగం తగ్గించి, పూర్తిగా దాటి ట్రైలర్ నిటారయ్యాకే పెంచాలి.

గుర్రం తన ఊపిరితిత్తులను తానే శుభ్రపరచుకోవాలంటే తల కిందికి దించాలి. 1990లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న గుర్రాలను తల ఎత్తి కట్టి ఎక్కువసేపు నిలబెడితే శ్వాసనాళంలో బాక్టీరియా పెరిగిపోయింది. ప్రయాణం తరవాత వచ్చే ఊపిరితిత్తుల జ్వరానికి మూలం ఇందులో ఉంది. కాబట్టి తాడు మరీ పొట్టిగా కట్టకూడదు. గడ్డి వల మొహం మీదే వేలాడకుండా చూడాలి, గడ్డి తడిపి పెడితే దుమ్ము లేవదు. గాలి ధారాళంగా ఆడాలి. చలికాలంలో కిటికీలన్నీ బిగించి గుర్రానికి మేలు చేశామనుకుంటారు. లోపల పేరుకునే మూత్రపు ఘాటు దానికి చలికంటే ఎక్కువ హాని.

మూడు నాలుగు గంటలకొకసారి పదిహేను ఇరవై నిమిషాలు ఆగితే చాలు. నీళ్లు చూపాలి, తాడు కొంచెం వదులు చేయాలి. ట్రాఫిక్ పక్కన కుర్ర గుర్రాన్ని దించకూడదు. ఎండలో ఆగిన ట్రైలర్ నడుస్తున్న ట్రైలర్ కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి భోజనానికని బండి ఎండలో వదిలి వెళ్లిపోకూడదు. యూరోపియన్ యూనియన్ 2005 నాటి నిబంధన వ్యాపారపరమైన రవాణాలో గుర్రాలకు ఎనిమిది గంటలకోసారైనా నీళ్లు పట్టాలంటుంది. అది కనీస మర్యాద. వారాంతపు ప్రయాణానికి అది కొలమానం కాకూడదు.

చేరిన చోట

గుర్రం కొత్త నీళ్లు తాగదు. మనిషికి రుచి తేడా పట్టించుకోదగ్గదిగా అనిపించకపోయినా, దానికి వాసనే చెబుతుంది ఇది మన నీళ్లు కాదని. రోజుకు 25 నుంచి 45 లీటర్లు తాగే జంతువు ఒక రోజంతా మూతి తిప్పుకుంటే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపల ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే. ఇంటి నీళ్లు డబ్బాల్లో తీసుకెళ్లడం మొదటి మార్గం. లేదంటే కొన్ని వారాల ముందునుంచీ ఇంట్లోనే నీళ్లలో కాస్త ఆపిల్ రసం కలిపి అలవాటు చేసి, కొత్తచోట అదే రసం కలపాలి. ఎండుగడ్డీ దాణా ఇంటివే వెంట తీసుకెళ్లాలి. అమెరికా పశ్చిమ ప్రాంతపు జాతీయ అటవీ భూముల్లోకైతే కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించిన గడ్డినే తీసుకెళ్లనిస్తారు. కాబట్టి ఆ గడ్డిని ముందే కొని ఇంట్లో మేపి అలవాటు చేయాలి.

దించాక ఏ పనీ పెట్టకుండా తాడు పట్టుకుని నడిపించాలి. మైదానం అంచుల వెంట, గేట్ల పక్కగా, మైకు స్తంభాల కిందుగా. అది ఆగితే ఆగాలి. తల పైకెత్తి, చెవులు నిక్కబొడుచుకుని, ముక్కుపుటాలు విప్పి దూరంగా ఏదో చూస్తున్నప్పుడు తాడు పట్టి లాగితే దాని భయాన్ని నిజం చేసినట్టే. ఎదురుచూస్తే ఎప్పుడో ఒకప్పుడు మెడ దిగుతుంది, పెదవులు ఆడతాయి, నేలమీద గడ్డి పరకకోసం వెతుకుతుంది. ఆ తల కిందికి దిగిన క్షణమే అది కొత్తచోటికి చేరినట్టు. అప్పటిదాకా దాని శరీరం మాత్రమే వచ్చింది.

రాత్రి గడపడానికి అద్దె గదులు, మడతపెట్టే కంచెలు, రెండు చెట్లమధ్య ఎత్తుగా కట్టిన తాడుకు తగిలించడం, ఇలా పద్ధతులు రకరకాలు. కెంటకీ, టెనెసీ రాష్ట్రాల సరిహద్దులోని బిగ్ సౌత్ ఫోర్క్ వంటి చోట్ల గుర్రాలతో వచ్చేవాళ్లకే ప్రత్యేకమైన శిబిరాలున్నాయి. చెట్ల బెరడు కోసుకుపోకుండా కాండానికి వెడల్పాటి పట్టీ చుట్టి తాడు కడతారు. ఏ పద్ధతైనా ఇంటిదగ్గర ఒకటి రెండు రాత్రులు అలవాటు చేయకుండా అడవిలో ప్రయత్నించకూడదు. కట్టిన తాడు మెడ కిందికి జారేంత పొడవుంటే రాత్రి కాలు అందులో పడుతుంది, తెల్లారేసరికి కాలి వెనక చర్మం ఊడి వస్తుంది.

గుర్రం నిలబడి కునుకు తీయగలదు. గాఢ నిద్రకు మాత్రం అది పడుకోవాలి, రోజులో అర్ధగంట అలాంటి నిద్ర దొరికినా సరిపోతుంది. పడుకోవాలంటే భద్రంగా ఉన్నానన్న ధైర్యం కావాలి. మందలో ఒకటి కావలి కాస్తుంటే మిగతావి పడుకుంటాయి. ఒంటరిగా ఉన్న కుర్ర గుర్రానికి కావలి కాసేవాళ్లు లేరు. పక్క గదిలో తెలిసిన గుర్రం ఉండటం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. శనివారం పొద్దున దాని పక్కటెముకల మీద, మోకాళ్ల మీద అంటుకున్న చెక్కపొట్టు చూస్తే రాత్రి పడుకుందో లేదో తెలిసిపోతుంది. పేడ ఎంత వేసిందో చూడాలి, బకెట్టులో నీళ్లు ఎంత తగ్గాయో చూడాలి. శరీర ఉష్ణోగ్రత 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నేలను గిట్టతో గీరడం, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, పైపెదవి ఎత్తడం, పొర్లడం కనబడితే పోటీ సంగతి పక్కనపెట్టి పశువైద్యుడిని పిలవాలి.

ఆదివారం, ఆ తరవాతి రోజులు

తిరుగు ప్రయాణంలో గుర్రం అలసిపోయి ఉంటుంది, తోలేవాళ్లు కూడా. మనుషులు పొరపాట్లు చేసేది ఎక్కువగా ఇప్పుడే. చీకటి పడకముందే ఎక్కించేలా పని ముగించుకోవాలి. పోటీలో ఒక విభాగం వదులుకోవాల్సి వస్తే వదులుకోవాలి. ఇల్లు చేరాక వెంటనే మందలో కలపకుండా విడిగా ఉంచి, కొన్ని రోజులపాటు పొద్దునా సాయంత్రమూ జ్వరం చూడాలి. ప్రయాణపు ఊపిరితిత్తుల జబ్బు బయటపడడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. అంటుజబ్బుకైతే ఇంకా ఎక్కువ. సోమవారం విశ్రాంతి దానికి హక్కు.

మనదేశంలో, తెలుగు నేలమీద

కుర్ర గుర్రాన్ని సరదాకు వారాంతం బయటికి తీసుకెళ్లే అలవాటు మనకు లేదు. కానీ వారాంతానికి ఊరు దాటే కుర్ర గుర్రాలు మనదగ్గరా ఉన్నాయి. అవి పందెపు గుర్రాలు. హైదరాబాదులో 1868లో మౌలాలిలో మొదలైన పందేలు 1886లో మలక్‌పేటకు మారాయి. అక్కడి గుర్రాలు ముంబై, పుణె, బెంగళూరు, చెన్నై పందేలకు రోడ్డు మీదే వెళ్తాయి, అటు నుంచి ఇటూ వస్తాయి. 1963లో మొదలైన ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్ వారాంతం ఏటా ఒక్కో నగరానికి మారుతుంది. అందులో ప్రధాన పందెంలో పరుగెత్తేవి నాలుగేళ్ల గుర్రాలు. వందల కిలోమీటర్లు లారీలో నిలబడి వచ్చి బరిలోకి దిగే ఆ గుర్రాల వెంట సాయీసులు అదే బండిలో ప్రయాణిస్తారు. ఒక గుర్రానికి ఒకే సాయీసు, రాత్రి దాని గది ముందే పడక. పాశ్చాత్య దేశాల వారాంతపు యజమానులు పుస్తకాలు చదివి నేర్చుకునే ఎన్నో సంగతులు ఈ సాయీసులకు చేతిలో ఉంటాయి. కుర్ర గుర్రానికి తెలిసిన మనిషి వాసన పక్కనే ఉండటం అన్నది అందులో మొదటిది. వాళ్లు చెప్పేది రాసి పెట్టినవాళ్లు తక్కువ, అది మన లోటు.

మనదేశంలో 1978 నాటి జంతువుల రవాణా నియమాల్లో గుర్రాలూ గాడిదల వంటి జంతువులకు విడి అధ్యాయమే ఉంది. పశువైద్యుడి ధ్రువపత్రం, వెంట ప్రథమచికిత్స సామగ్రి, చూసుకునే మనిషి ఉండాలని, చూలు గుర్రాలనూ పిల్లలనూ వేరే జంతువులతో కలపకూడదని అది చెబుతుంది. 2006లో మహారాష్ట్రలోని పుణె, పంచగని ప్రాంతాల్లో గ్లాండర్స్ వ్యాధి మళ్లీ బయటపడ్డాక రాష్ట్రాలమధ్య గుర్రాల కదలికపై తనిఖీలు కట్టుదిట్టమయ్యాయి. మనుషులకూ సోకే జబ్బు అది. పట్టుబడిన గుర్రాన్ని బతకనివ్వరు. రక్తనమూనాల నిర్ధారణ హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. జాతర్లకూ పెళ్లి ఊరేగింపులకూ అడ్డుగోడలు లేని లారీల్లో, ఇసుకో గడ్డో పరవని ఇనుప రేకు మీద గుర్రాలను నిలబెట్టి తరలించేవాళ్లకు ఈ నియమాలు చేరాలి. ఆ రేకు మీద ఒక బస్తా ఇసుక పోస్తే గిట్టలు జారవు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.